దూరంగా నిలబడిన ఆటగాడు – రొబెర్తో క్లెమెంతే



ఈసారి మన గోడపత్రికలో ఆటల పేజీ నా వంతుకు వచ్చింది. క్రికెట్, కబడ్డీ, ఖోఖో గురించి అందరికీ తెలుసు. అందుకని మన గ్రౌండ్‌లో ఎవరూ ఆడని ఒక ఆట గురించి, ఆ ఆటలో పేరు తెచ్చుకున్న ఒక మనిషి గురించి ఈ పాఠం రాస్తున్నాను. ఆట పేరు బేస్‌బాల్. మనిషి పేరు రొబెర్తో క్లెమెంతే. ఆయన ఔట్‌ఫీల్డర్. అంటే మైదానంలో అందరికన్నా దూరంగా నిలబడే ఆటగాడు.

మనం క్రికెట్ ఆడేటప్పుడు ఏం చేస్తాం? బ్యాటింగ్, బౌలింగ్ పెద్దోళ్ళు పంచుకుంటారు. ఆట సరిగా రానోడిని, కొత్తగా చేరిన చిన్నోడిని బౌండరీ దగ్గరికి తోలేస్తాం. దూరంగా ఉన్నోడికి పని లేదనుకుంటాం. అది నిజమా కాదా అన్నది ఈ పాఠం చివరిదాకా చదివి మీరే చెప్పండి.

1. ముందు ఆట తెలుసుకుందాం

బేస్‌బాల్ అమెరికాలో పుట్టి పెరిగిన ఆట. జట్టుకు 9 మంది. వికెట్లు ఉండవు. నేల మీద చతురస్రంలాగా నాలుగు గుర్తులుంటాయి. వాటినే బేస్‌లు అంటారు. ఒక బేస్‌కీ ఇంకో బేస్‌కీ మధ్య దూరం 90 అడుగులు. మొదలయ్యే చోటుని హోమ్ అంటారు. హోమ్ అంటే ఇల్లే కదా! బ్యాటర్ ఇంటి దగ్గర నిలబడి బంతిని కొట్టి, మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ తాకుతూ మళ్ళీ ఇంటికి చేరితే ఒక పరుగు. అంతా ఒకేసారి తిరిగి రానక్కర్లేదు. ఒక బేస్ దగ్గర ఆగి, వెనకవాడు కొట్టినప్పుడు ముందుకి పోవచ్చు.

బ్యాట్ మన క్రికెట్ బ్యాట్‌లా బల్లపరుపుగా ఉండదు, చిన్న రోకలిలా గుండ్రంగా ఉంటుంది. బంతి వేసేవాణ్ణి పిచ్చర్ అంటారు. అతను 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతిని నేలకి తగలకుండా విసురుతాడు. సరైన చోటికి వచ్చిన బంతిని మూడుసార్లు తప్పితే బ్యాటర్ ఔట్. ముగ్గురు ఔటయితే ఆ జట్టు వంతు అయిపోతుంది. రెండు జట్లకీ తొమ్మిదేసి వంతులు.

ఫీల్డింగ్ చేసేవాళ్ళు చేతికి పెద్ద తోలు గ్లవ్ తొడుక్కుంటారు. వాళ్ళలో ముగ్గురు చాలా వెనక, గోడ వైపు ఉంటారు. ఎడమ వైపు ఒకరు, మధ్యలో ఒకరు, కుడి వైపు ఒకరు. ఈ ముగ్గురే ఔట్‌ఫీల్డర్లు. క్లెమెంతే కుడి వైపువాడు.

2. దూరంగా ఉన్నోడి పని

ఔట్‌ఫీల్డర్ దగ్గరికి బంతి ఎప్పుడో గానీ రాదు. వస్తే మాత్రం పెద్ద దెబ్బతోనే వస్తుంది. అందుకని ప్రతి బంతికీ అతను సిద్ధంగా ఉండాలి. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు, బంతి లేచిన వాలు చూసి అది ఎక్కడ పడుతుందో లెక్క వేసుకుని ముందే పరుగు తీయాలి. బంతి గాల్లో ఉండగా చూస్తూ నిలబడితే అందదు.

పట్టుకోవడంతో పని అయిపోదు. బంతిని గాల్లో పట్టుకుంటే కొట్టినవాడు ఔట్. కానీ మూడో బేస్ దగ్గర ప్రత్యర్థి ఇంకొకడు కాచుకుని ఉంటాడనుకోండి. క్యాచ్ పట్టిన క్షణం నుంచి అతను బేస్ వదిలి ఇంటికి పరుగెత్తొచ్చు. అప్పుడు ఔట్‌ఫీల్డర్ సుమారు 80, 90 మీటర్ల దూరం నుంచి బంతిని ఇంటి దగ్గర ఉన్న తన జట్టువాడి గ్లవ్‌లోకి విసరాలి. మనిషి ముందు వస్తాడా, బంతి ముందు వస్తుందా? అదే పందెం. బంతి ముందు వచ్చి, దానితో అతన్ని తాకితే ఔట్. అలా విసిరి ఔట్ చేయించినందుకు ఔట్‌ఫీల్డర్ పేరు మీద ఒక అసిస్ట్ రాస్తారు. అసిస్ట్ అంటే సాయం అన్నమాట.

క్లెమెంతే తన జీవితంలో ఇలాంటివి 266 చేశాడు. 1961వ సంవత్సరం ఒక్కదానిలోనే 27. తన లీగ్ ఔట్‌ఫీల్డర్లలో అసిస్టుల్లో ఐదు సంవత్సరాలు మొదటి స్థానం ఆయనదే. ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి 1961 నుంచి 1972 వరకు వరసగా 12 సార్లు ఆయనకే వచ్చింది.

లెక్కకి రానిది ఇంకోటుంది. కుడి వైపు క్లెమెంతే ఉన్నాడంటే చాలామంది పరుగే తీసేవాళ్ళు కాదు. బేస్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఆయన భుజానికి భయపడి ఆగిపోయిన పరుగులు ఎన్నో ఎవరూ పుస్తకంలో రాయలేదు. కానీ అవి కూడా ఆయన ఆపినవే.

3. చెరకు తోటల ఊరు

ప్యూర్టోరికో కరీబియన్ సముద్రంలో ఒక ద్వీపం. 1898 నుంచి అది అమెరికా పాలన కింద ఉంది. అక్కడి జనం మాట్లాడేది స్పానిష్. ఆ ద్వీపంలో కరోలినా అనే ఊళ్ళో 1934 ఆగస్టు 18న క్లెమెంతే పుట్టాడు. తండ్రి మెల్చోర్ క్లెమెంతే చెరకు తోటలో మేస్త్రీ. తల్లి లూయిసా వాకర్. ఇంట్లో పిల్లల్లో ఈయనే ఆఖరివాడు.

ఊరి పిల్లలకి అసలైన బంతులు కొనే స్తోమత లేదు. దొరికిన దానితోనే ఆడేవాళ్ళు. క్లెమెంతే చేతిలో ఎప్పుడూ ఒక రబ్బరు బంతి పెట్టుకుని నొక్కుతుండేవాడట, చేతికి బలం వస్తుందని. హైస్కూల్లో జావెలిన్ విసిరేవాడు. మన జోనల్ ఆటల్లో జావెలిన్ విసిరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఈటె విసిరిన భుజమే తర్వాత బంతిని ఇంటిదాకా విసిరింది.

చలికాలంలో అమెరికా నుంచి నల్లజాతి ఆటగాళ్ళు ప్యూర్టోరికో వచ్చి ఆడేవాళ్ళు. వాళ్ళలో మాంటీ ఇర్విన్ అనే ఔట్‌ఫీల్డర్ అంటే క్లెమెంతేకి ప్రాణం. అప్పటిదాకా అమెరికాలోని పెద్ద లీగుల్లో నల్లవాళ్ళను ఆడనిచ్చేవాళ్ళు కాదు. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులోకి వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది.

1952లో క్లెమెంతేకి ఇంకా 18 ఏళ్ళే. శాన్ హువాన్ నగరంలోని సాంతుర్సే జట్టు వారానికి 40 డాలర్లిచ్చి తీసుకుంది. మనవాళ్ళు ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఆయన ముందు సొంత ద్వీపంలోనే గెలిచాడు. 1954లో డాడ్జర్స్ సంస్థ 10,000 డాలర్ల బోనస్‌తో ఆయన్ని చేర్చుకుని, కెనడాలోని మాంట్రియల్‌లో తమ చిన్న జట్టుకు పంపింది. అక్కడ ఎక్కువగా కూర్చోబెట్టారు గానీ ఆడించలేదు. అప్పటి నిబంధన ప్రకారం అంత బోనస్ తీసుకుని చిన్న జట్టులో ఉన్నవాణ్ణి ఏడాది చివర వేరే జట్టు తీసుకోవచ్చు. అలా 1954 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆయన్ని తీసుకుంది. అప్పుడా జట్టు లీగులో అందరికన్నా అడుగున ఉంది. 1955 ఏప్రిల్ 17న ఆయన మొదటి ఆట ఆడాడు. అప్పటి నుంచి 18 సీజన్లు, చివరిదాకా ఆ ఒక్క జట్టుకే ఆడాడు.

4. పేరు, భాష

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన భాగం ఇది.

క్లెమెంతే పిట్స్‌బర్గ్ వచ్చేసరికి ఆయనకి ఇంగ్లీషు సరిగా రాదు. పత్రికల వాళ్ళు ఆయన మాటల్ని రాసేటప్పుడు మాట సరిచేసి రాయలేదు. ఆయన ఎలా పలికాడో ఆ పలుకుని అక్షరాలు వంకర చేసి అచ్చేశారు. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. ఆటలో తెలివైనవాణ్ణి అమాయకుడిలా చూపించారు. అదే పత్రికల వాళ్ళకి స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఆయన మాత్రం రెండో భాష నేర్చుకుంటూ మాట్లాడుతున్నాడు. మరి తక్కువ తెలిసింది ఎవరికి?

రెండోది పేరు. రొబెర్తో అనడం కష్టమని ‘బాబ్’ అన్నారు. ఆటగాళ్ళ బొమ్మలతో అమ్మే కార్డుల మీద 1957 నుంచి 1969 దాకా ‘బాబ్ క్లెమెంతే’ అనే వేశారు. ఆయనకది ఇష్టం లేదు. నా పేరు రొబెర్తో అని చెబుతూనే ఉన్నాడు.

ఆయన చొక్కా నంబరు 21. స్పానిష్‌వాళ్ళ పద్ధతిలో ముందు తండ్రి ఇంటిపేరు, తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి. రొబెర్తో క్లెమెంతే వాకర్ అని వాళ్ళ లిపిలో రాస్తే సరిగ్గా 21 అక్షరాలు. అందుకే ఆ నంబరు తీసుకున్నాడని చెబుతారు. అంటే ఎవరేమని పిలిచినా వీపు మీద అమ్మానాన్నల పేర్లు రెండూ మోసినట్టే.

మూడోది రంగు. జట్టు ప్రతి ఏడాదీ సాధన కోసం ఫ్లోరిడా వెళ్ళేది. అక్కడ నల్లవాళ్ళు తెల్లవాళ్ళుండే హోటల్లో ఉండకూడదు. దారిలో తెల్ల ఆటగాళ్ళు హోటల్లోకి వెళ్ళి తింటుంటే నల్లవాళ్ళు బస్సులో కూర్చోవాలి. తోటి ఆటగాళ్ళు మిగిలింది తెచ్చిస్తే తినడానికి క్లెమెంతే ఒప్పుకోలేదు. తనలాంటివాళ్ళని కూడా తీసుకోవద్దన్నాడు. మాకు వేరే బండి ఇవ్వండి అని యాజమాన్యాన్ని అడిగి సాధించాడు.

మిత్రులారా, మన హాస్టల్లో కోయ మాట్లాడేవాళ్ళున్నాం, లంబాడీ మాట్లాడేవాళ్ళున్నాం. ఐదో తరగతిలో కొత్తగా చేరినోడు తెలుగులో ఒక మాట తప్పుగా అంటే వారం రోజులు ఆ మాటతోనే పిలుస్తున్నారు. నా పేరు మా ఇంట్లో ఒకటి, మా ఊరి బడి రిజిస్టర్‌లో ఇంకోటి. పలకడం కష్టమని రాసేవాళ్ళే మార్చారు. ఇప్పుడు సర్టిఫికెట్లన్నిటిలో అదే ఉంది. మా అమ్మకి ఆ పేరు నోరు తిరగదు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. రెండు భాషలు వచ్చినోడు ఒక భాష వచ్చినోడికన్నా తక్కువ కాదు అని చెప్పడానికే రాశాను.

5. గెలుపులు

1954 చివర్లో తాగి నడిపిన ఒకతను క్లెమెంతే కారుని గుద్దాడు. అప్పటి నుంచి నడుం నొప్పి ఆయన్ని వదల్లేదు. నొప్పి అంటే సాకులు చెబుతున్నాడని రాశారు. అయినా ఆడాడు.

అమెరికాలో పెద్ద లీగులు రెండు. రెండిట్లో గెలిచిన జట్లు చివర తలపడే పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. 7 ఆటల్లో 4 గెలిచినవాళ్ళే విజేతలు. 1960లో పైరేట్స్ న్యూయార్క్ యాంకీస్‌ని ఓడించింది. ఏడు ఆటల్లోనూ క్లెమెంతే కనీసం ఒక హిట్ కొట్టాడు. హిట్ అంటే బంతిని కొట్టి బేస్‌కి క్షేమంగా చేరడం. తర్వాత 1961, 1964, 1965, 1967 సంవత్సరాల్లో నేషనల్ లీగ్‌లో బ్యాటింగ్ సగటులో మొదటివాడు. 1966లో ఆ లీగ్ అత్యంత విలువైన ఆటగాడు.

1971 సెప్టెంబరు 1న పైరేట్స్ మైదానంలోకి దిగినప్పుడు మొదటి తొమ్మిదిమందీ నల్లవాళ్ళూ, లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతాల వాళ్ళే. పెద్ద లీగుల్లో అలా జరగడం అదే మొదటిసారి. ఆ తొమ్మిదిమందిలో క్లెమెంతే ఒకడు. అదే ఏడాది వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి రెండు ఆటలూ గెలిచింది. ఇక అయిపోయిందనుకున్నారు. 37 ఏళ్ళ క్లెమెంతే ఏడు ఆటల్లోనూ హిట్లు కొట్టాడు. మొత్తం 12. ఆఖరి ఆటలో హోమ్ రన్ కూడా. పైరేట్స్ 4–3తో గెలిచింది. సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు ఆయనే.

గెలిచాక టీవీ వాళ్ళు మైకు పెట్టారు. అమెరికా అంతా చూస్తోంది. ఆయన ముందు ఇంగ్లీషులో కాదు, స్పానిష్‌లో మాట్లాడాడు. తన కొడుకుల్ని దీవించి, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల్ని ఆశీర్వాదం అడిగాడు. ఏ భాష పలుకు చూసి నవ్వారో, ఆ భాషే ఆ రోజు దేశమంతా విన్నది.

6. ఒక లెక్క

1972 సెప్టెంబరు 30న పిట్స్‌బర్గ్‌లో క్లెమెంతే 3,000వ హిట్ కొట్టాడు. అప్పటికి ఆ సంఖ్య చేరినవాళ్ళు ఆయనతో కలిపి 11 మందే. లీగ్ ఆటల్లో అదే ఆయన ఆఖరి హిట్ అవుతుందని ఎవరికీ తెలియదు.

లెక్కల నోటు తియ్యండి. లెక్కకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు ఆయనకి మొత్తం 9,454. హిట్లు 3,000. భాగిస్తే 0.317. అంటే పదిసార్లలో దాదాపు ఏడుసార్లు హిట్ రాలేదు! అయినా ఆయన ఆ ఆటలో గొప్పవాళ్ళలో ఒకడు. యూనిట్ టెస్టులో ఒకసారి మార్కులు తగ్గాయని ఇంటికి పారిపోదామనుకునేవాళ్ళు ఈ లెక్క రెండుసార్లు చెయ్యండి.

7. ఆఖరి ప్రయాణం

1972 చివర్లో క్లెమెంతే ప్యూర్టోరికో అమెచ్యూర్ జట్టుకి మేనేజరుగా నికరాగువా దేశం వెళ్ళొచ్చాడు. అక్కడి జనం ఆయనకి దగ్గరయ్యారు. డిసెంబరు 23న ఆ దేశ రాజధాని మనాగువాలో భూకంపం వచ్చింది. వేలమంది చనిపోయారు. నగరం కూలిపోయింది.

క్లెమెంతే వెంటనే విరాళాలు పోగుచేశాడు. పండగ రోజుల్లో ఇంట్లో కూర్చోకుండా మందులు, తిండి, బట్టలు విమానాల్లో పంపాడు. కానీ పంపిన సరుకు బాధితులకి చేరకుండా అక్కడి సైనికులు దారి మళ్ళిస్తున్నారని కబురొచ్చింది. నేనే వెళ్ళి నా చేత్తో ఇస్తాను, నన్ను చూస్తే ఎత్తుకుపోరు అనుకున్నాడు.

డిసెంబరు 31 రాత్రి. దొరికింది అంతకుముందే ప్రమాదంలో దెబ్బతిన్న ఒక పాత విమానం. మొయ్యాల్సిన దానికన్నా ఎక్కువ బరువు ఎక్కించారు. శాన్ హువాన్ నుంచి లేచిన కాసేపటికే సముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. క్లెమెంతే శరీరం దొరకనే లేదు. జట్టులో ఆయన మిత్రుడు మానీ సంగీయెన్ సంతాప సభకి వెళ్ళకుండా, నీళ్ళలో దిగి వెతికేవాళ్ళతో కలిసి వెతికాడు. క్లెమెంతే వయసు 38. భార్య వేరా, ముగ్గురు చిన్న కొడుకులు మిగిలారు.

మామూలుగా ఆట మానేసిన ఐదేళ్ళకి గానీ హాల్ ఆఫ్ ఫేమ్ అనే గౌరవ జాబితాలో పేరు పెట్టరు. ఆయన కోసం ఆ నియమం పక్కనపెట్టి 1973లోనే చేర్చారు. లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతం నుంచి ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. 21 నంబరు చొక్కా పైరేట్స్‌లో ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆటతో పాటు ప్రజాసేవ చేసే ఆటగాడికి ఏటా ఇచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టారు. పేద పిల్లలు ఆడుకోవడానికి ఒక క్రీడా నగరం కట్టాలని ఆయన కల. ఆయన పోయాక కుటుంబం కరోలినాలో ఆ పని చేపట్టింది.

ఇంకో చిన్న సంగతి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టిన కంచు ఫలకం మీద ఆయన పేరు వరస తప్పింది. ‘రొబెర్తో వాకర్ క్లెమెంతే’ అని తల్లి ఇంటిపేరు మధ్యలో వేశారు. 2000 సంవత్సరంలో దాన్ని తీసి ‘రొబెర్తో క్లెమెంతే వాకర్’ అని కొత్త ఫలకం పెట్టారు. 27 ఏళ్ళు పట్టింది గానీ పేరు సరిచేశారు. పేరు సరిచెయ్యడానికి ఆలస్యమైందని మానుకోకూడదు అని నాకు దీంట్లో అర్థమైంది.

8. మనం తీసుకోవలసినవి

దూరంగా ఉన్నంత మాత్రాన పని చిన్నది కాదు. బంతి రాని సమయంలో కూడా సిద్ధంగా ఉండాలి.

ఇంటి భాష సిగ్గుపడే వస్తువు కాదు. కొత్త భాష నేర్చుకుందాం, పాతది వదలొద్దు.

సాయం పంపడం ఒకటి, అది చేరిందో లేదో చూడడం ఇంకోటి. రెండోదే కష్టం.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. కొత్త పిల్లల పేర్లు రిజిస్టర్‌లో రాసేటప్పుడు వాళ్ళని గానీ, దింపడానికొచ్చిన అమ్మానాన్నల్ని గానీ ఒకసారి పలకమని అడిగి, విని రాయించండి. కోయ, లంబాడీ పేర్లు పలకడానికి మాలో ఎవరైనా పక్కన నిలబడి సాయం చేస్తాం. ఆ సాయానికి అసిస్ట్ రాయనక్కర్లేదు సార్.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పక్కన ఉన్న పెట్టెలో వెయ్యండి)

1. ఒక బ్యాటర్ నాలుగు బేస్‌లు చుట్టి ఇంటికి వస్తే ఎన్ని అడుగులు పరుగెత్తినట్టు?
2. 500 అవకాశాల్లో 160 హిట్లు కొట్టినవాడి సగటు ఎంత? అది క్లెమెంతే సగటు కన్నా ఎక్కువా, తక్కువా?
3. భయపడి ఆగిపోయిన పరుగుల్ని పుస్తకంలో ఎందుకు రాయలేరు?
4. మీ పూర్తి పేరు మీ ఇంట్లో పిలిచినట్టు రాయండి. దాని అర్థం, అది ఎవరు పెట్టారో రెండు వాక్యాల్లో రాయండి.

నాలుగో ప్రశ్నకి వచ్చిన జవాబులన్నీ వచ్చే సంచికలో పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాం. ఎవరి పేరూ మార్చకుండా రాస్తాం.